విమానం కడిగే చేతులకు హక్కులు లేవా?

(పలాసలో మహిళా కార్మికుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మూలపేటలో 2023లో ఓడరేవుకు శంకుస్థాపన చేశారు. మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో విమానాశ్రయం కట్టాలన్న ప్రతిపాదనను 2025లో ఉద్దానం రైతులు వ్యతిరేకించారు. కొబ్బరి, జీడి తోటలు పోతాయన్నది వాళ్ల ఆందోళన. ఆ పోరాటంలో మనమూ ఉన్నాం. అయితే అడిగినప్పుడల్లా "మీకు ఉద్యోగాలొస్తాయి" అంటున్నారు. ఏ ఉద్యోగాలు? మనలో చాలామందికి దక్కేది చీపురు, బకెట్టు, తుడిచే గుడ్డ. పలాస, టెక్కలి ఆర్టీసీ డిపోల్లో బస్సులు కడిగే పని, రైలు పెట్టెలు కడిగే పని మనకు తెలిసినవే. విమానం సంగతి చూద్దాం.

దిగిన విమానం మళ్లీ ఎగిరేలోగా, ఆ కొద్ది నిమిషాల్లోనే సీట్లు, మరుగుదొడ్లు శుభ్రం చేయాలి. బయట కడగాలంటే ఎత్తయిన నిచ్చెనలెక్కి ఘాటైన రసాయనాలతో పని చేయాలి. జీడి సొన చేతుల్ని ఏం చేస్తుందో తెలిసిన మీకు రసాయనం గురించి వేరే చెప్పనక్కర్లేదు. గాలి ఒత్తిడి కొలిచే చిన్న రంధ్రాల్లోకి నీళ్లు పోకుండా మూసి, పనయ్యాక తెరవాలి. 1996 అక్టోబరు 2న పెరూ దేశంలో లిమా నుంచి ఎగిరిన ఏరోపెరూ విమానానికి ఆ టేపు తీయలేదు. ఎత్తు, వేగం చూపే మీటర్లు తప్పు చూపించాయి. విమానం సముద్రంలో కూలి 70 మంది చనిపోయారు. పైవాళ్లు సరిగా తనిఖీ చేయలేదనీ తేలింది. జైలు శిక్ష వేసింది మాత్రం టేపు తీయని కార్మికుడికి.

మన చట్టం ఏమంటోంది? 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన వృత్తి భద్రతా కోడ్, సంస్థ ముఖ్యమైన పనులకు కాంట్రాక్టు కార్మికుల్ని పెట్టకూడదంటూనే, ఊడవటం, కడగటం సాధారణంగా ముఖ్యమైన పని కాదంటోంది. అంటే, పని ముఖ్యం కాదు, పొరపాటు జరిగితే మాత్రం నేరం మనది!

పాకీపని నిషేధించిన 2013 చట్టంలోనూ ఇలాంటి సందే ఉంది. నిర్ణయించిన పరికరాలు, రక్షణ వస్తువులతో కడిగితే రైలు పెట్టె మరుగుదొడ్డికి నిషేధం వర్తించదు. సఫాయి కర్మచారి ఆందోళన్ వేసిన కేసులో 2014లో సుప్రీంకోర్టు, పట్టాలపై ఈ పనిని గడువు పెట్టుకుని అంతం చేయాలని రైల్వేకు చెప్పింది. తర్వాత బయో టాయిలెట్లు వచ్చాయి. అవి మూసుకుపోతే బాగుచేయాల్సింది మళ్లీ మనుషులే. కాగితం మీద గ్లౌజులున్నంత మాత్రాన చేతికి రావు.

కాబట్టి వేలిముద్ర వేసే ముందు అడగండి. కాంట్రాక్టరు వెనకున్న అసలు యజమాని ఎవరు? కాంట్రాక్టరు కూలి ఎగ్గొడితే చెల్లించాల్సింది ఆ యజమానే. హాజరు పట్టీలో పేరుందా? పి.ఎఫ్., ఇ.ఎస్.ఐ. కడుతున్నారా? రసాయనం డబ్బా మీది జాగ్రత్తలు తెలుగులో చెప్పారా? రాత్రి డ్యూటీకి బండి ఉందా? తాగునీరు, మరుగుదొడ్డి ఉన్నాయా? మరుగుదొడ్డి లేక నీళ్లు తాగటం మానేసే ఆడవాళ్లెందరో! కిడ్నీ జబ్బు ఇంటింటా ఉన్న ఉద్దానంలో ఇది చిన్న విషయం కాదు. లైంగిక వేధింపుల నిరోధానికి వచ్చిన 2013 చట్టం కాంట్రాక్టు కార్మికురాలికీ వర్తిస్తుంది. ఆ కమిటీ పేర్లు గోడ మీద ఉన్నాయా?

ఒక్కరు అడిగితే రేపు పనికి రావద్దంటారు. సంఘంగా అడుగుదాం. ఓడరేవు, విమానాశ్రయం ఒప్పందాలు మన ఊళ్లకు వచ్చేలోగా ఈ ప్రశ్నలు ప్రతి పేటకూ చేరాలి.