పడిశంతో వచ్చే కండ్ల కలక

(కొత్తగూడెంలో పాల సంఘాల సభ్యుల సమావేశంలో ఒక వైద్యుడు చేసిన ప్రసంగం)



2023 జూలై, ఆగస్టు నెలల్లో పెద్ద వానల వెంబడే రాష్ట్రమంతటా కండ్ల కలక వచ్చిన సంగతి మీకు జ్ఞాపకం ఉండే ఉంటుంది. అప్పుడు చాలామంది నన్ను అడిగారు: "ముందు గొంతు నొప్పి, జ్వరం, రెండు రోజులకు కండ్లు ఎర్రబడ్డాయి. ఇవి రెండు జబ్బులా, ఒకటేనా?"

చాలాసార్లు ఒకటే. కంటి నుండి ముక్కులోకి సన్నని గొట్టం ఉన్నది. కంట్లో చుక్కల మందు వేస్తే కాసేపటికి గొంతులో చేదు తగలడం మీరెరుగుదురు. అది ఆ దారిన దిగిందే. అడినోవైరస్ అనేది గొంతునూ ముక్కునూ కంటి పొరనూ కలిపి పట్టగలదు. కోవిడులోనూ కొద్దిమందికి కండ్లు ఎర్రబడ్డాయి.

చూసినంత మాత్రాన ఇది అంటుకోదు. అంటించేవి చెయ్యి, తువాలు. కన్ను నులిమిన చేత్తో పాల క్యాను మూత పట్టుకుంటే, తరువాత పట్టుకున్నవారికి అంటవచ్చు. కనుక కలక తగ్గేదాకా పాలు పోయడానికి ఇంట్లో మరొకరిని పంపండి. గేదె కన్ను నుండి వచ్చిందేమోనని కొందరి అనుమానం. పశువుల కంటిజబ్బుకు ముఖ్య కారణం వేరే క్రిమి. ఇది మనిషి నుండి మనిషికి వచ్చేదే.

ఇక అసలు సంగతి. కంట్లో ఆకు పసరు పోసేవారున్నారు, చనుబాలు పిండేవారున్నారు. నేను ఎగతాళి చేయడం లేదు, మా అమ్మా నాకు పిండింది. కాని పసరు వల్ల నల్లగుడ్డు మీద పుండు పడితే, అది మానినా పువ్వు మిగులుతుంది, చూపు పోతుంది. మందుల షాపులో అడిగి తెచ్చుకునే చుక్కలూ అంతే ప్రమాదం. వాటిలో స్టెరాయిడ్ ఉంటే ఎరుపు త్వరగా తగ్గినట్టే కనిపిస్తుంది, లోపల జబ్బు ముదురుతుంది. మామూలు కలక ఒకటి రెండు వారాల్లో దానంతట అదే పోతుంది. కాచి చల్లార్చిన నీటిలో తడిపిన శుభ్రమైన గుడ్డతో తుడిస్తే చాలు.

అయితే కన్ను బాగా నొప్పి పెట్టినా, వెలుతురు చూడలేకపోయినా, చూపు మసకబారినా ఆగవద్దు. బిడ్డకు జ్వరం, దగ్గు, ఎర్రకండ్లతో పాటు ఒంటిమీద దద్దు లేస్తే అది తట్టు కావచ్చు. అమ్మవారని ఇంట్లో ఉంచకండి. తట్టు వచ్చిన బిడ్డకు ఎ విటమిను వేయకపోతే కన్ను పోయే ప్రమాదం ఉంది. కొత్తగూడెమో, భద్రాచలమో, ఏ ప్రభుత్వ ఆసుపత్రి దగ్గరైతే అక్కడికి ఆ రోజే తీసుకుపోండి. సాయంత్రం పాలు పిండడం పక్కింటివారికి అప్పగించి అయినా సరే.