ఒక మాత్ర వెనుక ఎన్ని సంతకాలు!

(రేడియో మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



ఈ పూట వంటలూ, కుట్లూ పక్కన పెట్టి ఒక మాత్ర కథ చెబుతాను. కథ అంటున్నానే గాని, ఇది మా ఇంట్లో జరుగుతున్న సంగతే.

మా పెద్దాడపడుచుకి ఆరేళ్ళ క్రితం రక్తపు కాన్సరు అని తేలింది. అందులో క్రానిక్ మైలాయిడ్ లుకేమియా అనే రకం. పేరు వినగానే ఇంటిల్లిపాదీ ఏడ్చాం. డాక్టరుగారు మాత్రం ఇమాటినిబ్ అనే మాత్ర రాసిచ్చి, ఒక్క రోజు కూడా మానవద్దన్నారు. ఆ మాత్ర మీదే వదిన ఈ ఆరేళ్ళూ మనవల్ని ఎత్తుకుంది, తిరుపతి వెళ్ళి వచ్చింది. కిందటి నెల పరీక్షల్లో మాత్ర పట్టు తప్పుతోందని తెలిసింది. "వాడుకలో వేరే మందులున్నాయి. ఒక కొత్త మందును కూడా పరీక్షిస్తున్నాం, ఇష్టమైతే అందులో చేరవచ్చు" అని ఆస్పత్రివారు ఓ కాగితాల కట్ట చేతికిచ్చారు.

మా అత్తగారు భగ్గుమన్నారు. "నా కూతురేమన్నా ఎలుకా, కుందేలా? దానిమీద ప్రయోగాలేమిటే?" అన్నారు. వదిన నావైపు తిరిగి, "రేడియోలో మాట్లాడతావుగా, నువ్వు చెప్పు" అంది. మెట్రిక్‌తో చదువాపేసినదాన్ని, నేనేం చెప్పను? తెలిసిన డాక్టరమ్మని అడిగి, నాలుగు పుస్తకాలు తిరగేసి తెలుసుకున్నది మీతో పంచుకుంటున్నాను.

1960లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో నొవెల్, హంగర్‌ఫర్డ్ అనే ఇద్దరు ఈ జబ్బున్నవారి రక్తకణాల్లో ఒక క్రోమోజోము పొట్టిగా ఉండడం చూశారు. క్రోమోజోములంటే వంశలక్షణాలను మోసే సన్నని పోగులనుకోండి. ఎందుకు పొట్టిదైందో పదమూడేళ్ళ దాకా తెలియలేదు.

కనిపెట్టింది ఎవరో వింటే మీకు ముచ్చటేస్తుంది. చికాగోలో జానెట్ రౌలీ అనే డాక్టరమ్మ. నలుగురు మగపిల్లల తల్లి. పిల్లల కోసమని ఏళ్ళ తరబడి వారానికి మూడు రోజులే పనికి వెళ్ళేది. క్రోమోజోముల ఫోటోలు ఇంటికి తెచ్చుకుని, భోజనాల బల్లమీద కత్తెరతో కత్తిరించి జతలు పేర్చేది. అమ్మ కాగితపు బొమ్మలతో ఆడుకుంటే జీతమిస్తారని పిల్లలు ఆటపట్టించేవారట! ఆ బల్లమీద పేరుస్తుండగానే, 22వ క్రోమోజోము ముక్క ఎక్కడికీ పోలేదనీ, 9వ దానికి అతుక్కుని ఉందనీ ఆవిడ గుర్తించింది. 1973లో ప్రకటించింది.

అలా ముక్కలు తారుమారై అతుక్కున్నచోట పుట్టే ఒక మాంసకృత్తు, "పెరుగు, పెరుగు" అని కణాన్ని ఆగకుండా తరుముతుందని తరువాత తేలింది. స్విచ్చి ఇరుక్కుపోతే ట్యాంకు నిండినా మోటారు ఆగదు చూడండి, అలాగన్నమాట.

కాన్సరుకు మందులు అంతకుముందూ ఉన్నాయి. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందం తయారుచేసిన అమినోప్టెరిన్‌ను 1947లోనే అమెరికాలో సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లలకిచ్చి, కొంతకాలం పాటైనా గుణం చూపించారు. అయితే ఆ తరహా మందులు వేగంగా పెరిగే మంచి కణాలను కూడా దెబ్బతీస్తాయి. ఇరుక్కున్న స్విచ్చి ఒక్కదాన్నే ఆపే మందు కావాలి. స్విట్జర్లాండులో సీబా గైగీ కంపెనీలో నికొలస్ లైడన్ బృందం అలాంటివి తయారుచేస్తే, బ్రయన్ డ్రూకర్ అనే డాక్టరు వాటిని పరీక్షించి, ఈ జబ్బు కణాలను చంపి మంచివాటిని చాలావరకు వదిలేసేదాన్ని ఏరారు.

గాజుగిన్నెలో పనిచేస్తే సరిపోతుందా? మనిషికి పడాలి కదా! జంతువులకిచ్చినప్పుడు కాలేయం మీద ప్రభావం కనబడింది. ఈ జబ్బున్నవారు తక్కువమంది, ఖర్చు రాదేమోనని కంపెనీలో శంక. డ్రూకర్ పట్టువదలలేదు. 1998 జూన్‌లో మొదటి రోగి మాత్ర మింగారు. మొదట చేరినవారికి చిన్న మోతాదే. అంత గుణమేమీ కనబడలేదు. కాని ఎంతవరకు పెంచవచ్చో వారివల్లే తెలిసింది. 300 మిల్లీగ్రాములు, ఆపైన తీసుకున్న 54 మందిలో 53 మందికి రక్తం లెక్కలు మామూలు స్థితికి వచ్చాయి. కొందరికి వికారం, వాపులు, కండరాల నొప్పులు వచ్చినమాటా నిజమే. 2001 మేలో అమెరికా ప్రభుత్వం అనుమతిచ్చింది. 1,106 మందితో జరిగిన మరో పరీక్షలో, మొదటినుంచి ఈ మాత్రకు కేటాయించినవారిలో పదేళ్ళకి నూటికి 83 మంది బతికి ఉన్నారు.

ఇదంతా చదివాక మా అత్తగారితో అన్నాను: "అత్తయ్యా, వదిన ఆరేళ్ళుగా వేసుకుంటున్న మాత్ర, ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్ళు భయపడుతూనే సంతకం పెట్టబట్టి వచ్చింది." ఆవిడ మాట్లాడలేదు. కాసేపటికి, "అలాగని దీన్నీ పెట్టెయ్యమంటావా?" అన్నారు.

ఆ ప్రశ్న న్యాయమైనదే. ప్రతి కొత్త మందూ ఇమాటినిబ్ కాదు. పరీక్షల్లో వీగిపోయేవే ఎక్కువ. అందుకని కాలెండరు కాగితం వెనుక ప్రశ్నలు రాసి వదినకిచ్చాను. ఇది ఎన్నో దశ: మోతాదు చూడడమా, గుణం చూడడమా, పాత మందుతో పోల్చడమా? చేరకపోతే నాకేం వైద్యం ఉంది? ఎన్నిసార్లు రావాలి, రక్తం ఎంత తీస్తారు? ఎథిక్స్ కమిటీ ఒప్పుకుందా? ప్రభుత్వ క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదైందా?

మన దేశంలో మీకు అర్థమయ్యే భాషలో వివరించి గాని సంతకం తీసుకోకూడదు. కారణం చెప్పకుండానే ఎప్పుడైనా మానుకోవచ్చు, దానివల్ల మామూలు వైద్యం ఆగకూడదు. 2019 నిబంధనల ప్రకారం పరీక్షవల్ల హాని కలిగితే ఉచితంగా వైద్యం చేయించాలి. ఇవి అడగడానికి పెద్ద చదువులక్కర్లేదు. కూరగాయల బండి దగ్గర వంకాయ పుచ్చా, మంచిదా అని తిప్పి చూసే మనం, సంతకం దగ్గర మొహమాటపడడమెందుకు?

వదిన ఆ కాగితం పట్టుకుని ఆస్పత్రికి వెళ్ళింది. అన్నిటికీ జవాబులు రాయించుకుని వచ్చింది. సోమవారం తన నిర్ణయం చెబుతానంది. ఎలా చెప్పినా సరే, అది భయంతో చెప్పింది కాదు, తెలిసి చెప్పింది అవుతుంది. ఈ మాట ఈసారి మా అత్తగారే అన్నారు.

సెలవు.