చదరంగపు గడుల సంఖ్య



చార్మినారు చెంత నివసించువాడనగుటచే, అంకెలను మాటలలో దాచు విద్య నాకు క్రొత్త గాదు. ‘యా హాఫిజ్’ అను మాటలోని అక్షరముల విలువలు పది, ఒకటి, ఎనిమిది, ఒకటి, ఎనుబది, తొమ్మిదివందలు. కూడినచో సరిగా వేయి. చార్మినారు 1591లో, హిజ్రీ 1000వ వత్సరమున, వెలసినదనుటకు పాతబస్తీ పెద్దలు ఈ మాటనే గురుతుగా చూపుదురు. మన గణితజ్ఞులు అక్షరమునకు గాక వస్తువునకు విలువ గట్టిరి. చంద్రుడన్న ఒకటి, వేదములన్న నాలుగు, బాణములన్న ఐదు, ఆకాశమన్న సున్న. అంకెలను కుడినుండి ఎడమకు పేర్చవలెను.

మహావీరాచార్యుని గణితమును పదునొకండవ శతాబ్దమున తెనిగించిన పావులూరి మల్లన పేర ఇట్టి పద్యమొకటి ప్రచారమున నున్నది. చదరంగపు బల్లలో మొదటి గడికి ఒక గింజ, రెండవదానికి రెండు, మూడవదానికి నాలుగు. ఇట్లు అరువదినాలుగు గడులును నింపిన వచ్చు మొత్తమును అది చెప్పును: 1,84,46,74,40,73,70,95,51,615. అల్బీరూనీ పండితుడును అరబ్బీలో ఈ సంఖ్యనే చెప్పెను. ఆయన ‘అల్ ఖానూన్ అల్ మసూదీ’ని 1954–56 నడుమ అచ్చొత్తించినది మన హైదరాబాదులోని దాయిరతుల్ మఆరిఫ్ సంస్థయే.

ఇరువది స్థానములు! వ్రాయసకాడు ఒక్క అంకె తప్పినను లెక్క చెడును. శోధించుట యెట్లు? గడులను జంటలుగా తీసికొనుడు. ఒకటియు రెండును మూడు. నాలుగును ఎనిమిదియు పండ్రెండు. ప్రతి జంటయు మూడింట భాగింపబడును గనుక మొత్తమును భాగింపబడవలెను. అంకెలన్నియు కూడి చూడుడు, 87 వచ్చును, సరిపోయినది. నాలుగేసి గడులు తీసికొన్న పదునైదింటను, ఎనిమిదేసి తీసికొన్న పదునేడింటను భాగింపబడును. ఇంకను తరచినచో 257, 641, 65537, 6700417 అను ప్రధానసంఖ్యలు బయటపడును. వీనిలో 641 గడుసుది. 4294967297ను ఏ సంఖ్యయు భాగింపదని ఫెర్మా నమ్మెను. 1732లో ఆయిలరు ఈ 641తో దానిని భాగించి చూపెను.

ఇదంతయు పండితుల వినోదమే యని తలపకుడు. నాగుకు తెచ్చిన పుట్టి ధాన్యము, ఏటికి సగము పెంపుతో తీరక నిలిచినచో, పదియేండ్లలో ఏబదియేడు పుట్లు దాటును. ఏటేట రెట్టింపైనచో 1024 పుట్లు. మొదటి రెండు మూడేండ్లు చూచినవానికి ఇది తోచదు. బల్లపైనను మొదటి వరుస యంతయు కలిపి 255 గింజలే.

మరి బల్ల నిండిన? వేయి బియ్యపుగింజలు ఇరువది గ్రాములనుకొన్నను, ముప్పదియారువేల కోట్ల టన్నులు దాటును. హైదరాబాదు జిల్లా 217 చదరపు కిలోమీటర్లు. అంతటను పరచిన రెండు కిలోమీటర్ల ఎత్తున నిలుచును. చార్మినారులు ముప్పదికి పైగా ఒకదానిపై నొకటి నిలిపినను బియ్యములోనే మునుగును. అందు చివరి గడి యొక్కదాని వాటా, తక్కిన అరువదిమూడింటి మొత్తము కంటె ఒక్క గింజ ఎక్కువ.