ముట్టడించిన తల్లి



అమెరికాలోని విలియమ్స్‌టౌన్ అను చిన్న ఊరిలో క్లారా పార్క్ అను ఆమెకు 1958లో నాలుగవ సంతానముగా జెస్సీ జన్మించెను. రెండేండ్లు నిండవచ్చినను ఆ బాలిక పిలిచిన పలుకదు, ఏదియు అడుగదు. నేలమీద ఒకేచోటి చుట్టును ప్రాకుచు తనలో తానే మురిసికొనుచుండును. చెవుడు కాదు, మొండితనమును కాదు, ఆటిజము.

1943లో లియో కానర్ అను వైద్యుడు పదునొకండుగురు పిల్లలను పరిశీలించి దీనిని వర్ణించియుండెను. అయినను తల్లి ప్రేమ చాలమియే కారణమని ఆ దినములలో పండితులే పలికిరి. కడుపుకోతకు తోడు నింద! మన యూళ్లలో మాత్రము పూర్వజన్మ పాపమని తల్లిని ఆడిపోసికొనువారు లేరా? 1964లో బెర్నార్డ్ రిమ్లాండ్, తానును అట్టి బాలుని తండ్రియే, కారణము శరీరమున వెదకవలెనని గ్రంథము వ్రాసి ఆ నిందను ఖండించెను.

క్లారా బిడ్డతోపాటు నేలపైనే కూర్చుండెను. కుళాయి త్రిప్పుటకైనను జెస్సీ పెద్దల చేతినే వాడుకొనెడిది. తల్లి ఆ చిన్న చేతిపై తన చేయి వేసి, దినదినమును బలము తగ్గించుచు, తుదకు బిడ్డచేతనే త్రిప్పించెను. ఒక్క కుళాయికే అంత ఓర్పు! ఈ అనుభవమును ఆమె 1967లో ‘ది సీజ్’, అనగా ముట్టడి, అను గ్రంథముగా ప్రకటించెను.

జెస్సీ పెద్దదై విలియమ్స్ కళాశాల తపాలా గదిలో ఉద్యోగము చేసెను. ఇండ్లను, వంతెనలను ఇంద్రధనుస్సు రంగులలో చిత్రించి పేరుపొందెను. క్లారా 2010లో మరణించెను.