ఆంగ్ల పరీక్ష – ఇంటి బాధ్యత
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



నర్సింగు చదివిన మన ఆడపిల్లలు బ్రిటన్‌లో ఉద్యోగం చేయాలంటే ఐఇఎల్‌టిఎస్ లాంటి ఆంగ్ల పరీక్ష దాటాలి. 9కి గాను వినడం, చదవడం, మాట్లాడడంలో 7, వ్రాయడంలో 6.5 రావాలని అక్కడి నర్సింగు కౌన్సిల్ నియమం.

కోచింగుకు డబ్బు కట్టినంత మాత్రాన పెద్దల పని తీరిపోదని మేము మనవి చేస్తున్నాము. మాట్లాడే పరీక్ష 11 నుంచి 14 నిమిషాలు. బట్టీ పట్టిన జవాబు ఇట్టే తెలిసిపోతుంది, మార్కు తగ్గుతుంది. మన యాస అడ్డు కాదు. మాట స్పష్టంగా ఉంటే చాలు. దానికి ధైర్యం కావాలి. అమ్మాయి రెండు ఇంగ్లీషు ముక్కలు మాట్లాడితే "దొరసానమ్మ వచ్చిందండోయ్" అని నవ్వే ఇంట్లో ఆ ధైర్యం ఎట్లా వస్తుంది?

ఉర్దూ, తెలుగు రెండూ చిన్ననాడే పట్టుబడిన పిల్లలకు మూడో భాష ఒక లెక్కా? ఇషా నమాజు తర్వాత రోజూ అరగంట అమ్మాయిని ఇంగ్లీషులో మాట్లాడనిద్దాం. ఇంగ్లీషు వచ్చిన అన్నో, మామయ్యో ప్రశ్నలు అడగాలి. గడియారం ఎదురుగా పెట్టి, 40 నిమిషాల్లో 250 మాటల వ్యాసం వ్రాయిద్దాం. తప్పు వస్తే దిద్దుదాం, నవ్వొద్దు.

అల్లాహ్ మన బిడ్డల శ్రమను ఫలింపజేయుగాక! ఆమీన్.