మోటారు సైకిలు నూనె కారుట – కారణమును కనుగొను విధము



ఖమ్మము నుండి కొత్తగూడెము, పాల్వంచల మీదుగా భద్రాచలము పోవు త్రోవకు ఇరుప్రక్కలనున్న అడవి పల్లెలలో పాత మోటారు సైకిలు వేడుక వస్తువు కాదు. బస్సు రాని గూడెము నుండి జ్వరపడిన బిడ్డను ఆసుపత్రికి చేర్చునది తరచుగా అదియే. అట్టి బండి క్రింద ప్రతి ఉదయమును నూనె మరక కనబడుచుండగా, పాత బండి కారక మానునా యని యూరకుండుట తగదు. నూనె తగ్గిన ఇంజను వేడెక్కి, పిస్టను పట్టివేసి, నడి అడవిలో బండి నిలిచిపోవును. కారిన నూనె వెనుక చక్రమునకు సోకినచో మలుపులో బండి జారును.

నేను చెప్పదలచిన ముఖ్యవిషయ మొక్కటే: నూనె బొట్టు పడిన చోటు వేరు, పుట్టిన చోటు వేరు. పెంకుటింట వాననీరు వాసము వెంబడి పారి ఎచ్చటనో కారును. పగిలిన పెంకు దానికి పైనెక్కడనో యుండును. బండియందును అంతే. పైనుండి దిగిన నూనెను గాలి వెనుకకు కొట్టును.

పాత బుల్లెట్టును దృష్టాంతముగా తీసికొందము. 1955లో మద్రాసున ఎన్‌ఫీల్డు ఇండియా సంస్థ ఏర్పడిన పిమ్మట ఈ బండ్లు మన దేశమున విరివిగా వ్యాపించినవి. పాత ఇనుప ఇంజను బండిలో ఇంజనునకును, ఎడమనున్న క్లచ్చి గొలుసు పెట్టెకును, వెనుకనున్న గేరు పెట్టెకును వేర్వేరుగ నూనె పోయుదురు. కావున కారునది వీనిలో ఏ నూనెయో మొదట తెలియవలెను.

ఇంజను చల్లారిన పిదప, నిప్పునకు దూరముగా, కిరసనాయిలు గుడ్డతో అంతయు తుడిచి ఆరనీయుడు. అతుకులపై మొగమునకు పూయు పౌడరు చల్లి, రెండు మూడు కిలోమీటర్లు నడిపి చూడుడు. పౌడరు తడిసిన చోట్లలో అన్నింటికంటె పైనున్నదియు, ముందున్నదియు నగు చోటే నూనె పుట్టిన చోటు.

అంతమాత్రమున పానా పట్టి బిగింపరాదు. పిస్టను దిగునపుడు లోని గాలి వెలువడుటకు ఊపిరి గొట్టమొకటి కలదు. అది బురదతో మూసికొనినచో, గాలి ప్రతి అతుకు గుండను నూనెను నెట్టును. క్రొత్త ప్యాకింగు వేసినను మరల కారును. ముందు గొట్టమును శుభ్రపరుపుడు.

మఱియొక సంగతి. చాల దినములు నిలిపిన బండిలో నూనె తన అర నుండి క్రాంకు పెట్టెలోనికి మెల్లగా దిగును. అప్పుడు కొలకడ్డీ తక్కువ చూపును. అది నమ్మి మరల పోసినచో, ఎక్కువైన నూనె గొట్టము గుండ వెలికి వచ్చును. కావున ఇంజనును కొన్ని నిమిషములు నడిపి, ఆపిన పిమ్మటనే కొలత చూడవలెను.

ఇంకను కారుచున్నచో అతుకును సరిచేయుడు. బోల్టులను ఎదురెదురుగా, కొంచెము కొంచెముగా బిగింపవలెను. బలము చూపినచో అల్యూమినియపు మరలు చెడును. పాత ప్యాకింగును ఇనుముతో గీకక వెదురు చెక్కతో తీయుడు. అడుగు బిరడా కడనున్న రాగి వాషరును ఎఱ్ఱగా కాల్చి నీట ముంచినచో, అది మెత్తబడి మరల పనికివచ్చును. వెనుక గొలుసు చక్రము వద్ద కారుచున్నను, పెట్టె పగిలినను, ఆ పని నేర్పరియగు మెకానిక్కునకే విడువవలెను.

తీసిన నూనెను వాగులో పోయనీయకుడు. మన వాగులలో పెక్కింటి నీరు గోదావరిని చేరును. దానిని డబ్బాలో నిలువ చేయింపుడు. బిగించుటకు ముందు వెదకుమని యువకులకు మీరు బోధించినచో, ఆపదవేళ బండి మిమ్ము నట్టడవిలో విడువదు.