రాళ్ల వానకు ముందే మేలుకుందాం

(మండల రైతు సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



ఉగాదికి ముందూ వెనకా రెండు నెలలు మన ప్రాంతంలో పంట చేతికొచ్చే కాలం. మిర్చి ఆఖరి కోతల్లో ఉంటుంది, కోసింది కల్లంలో ఎండుతుంటుంది. మొక్కజొన్న కంకి ముదురుతుంది. యాసంగి వరి గింజ పాలు పోసుకుంటుంది. మామిడి పిందె మీద ఉంటుంది. అశ్వారావుపేట, దమ్మపేట వైపు జీడిమామిడి కాపుకొస్తుంది. అడవిలో ఇప్పపువ్వు రాలుతుంది, ఆ వెనకే తునికాకు మొదలవుతుంది. ఏడాది పెట్టుబడి, ఏడాది చాకిరీ ఈ అరవై రోజులూ ఆకాశం కింద పరిచి ఉంటాయి.

సరిగ్గా ఇప్పుడే ఆకాశాన్ని నమ్మలేకుండా ఉన్నాం. పొద్దంతా ఎండ మాడ్చేస్తుంది. మూడింటికి మబ్బు కమ్ముతుంది. నాలుగింటికి ఈదురుగాలి, ఉరుములు, రాళ్లు. రాత్రికి చుక్కలు కనపడతాయి. మధ్యలో పోయిన ఆ గంటలోనే మన పంట పోతుంది.

ఇది ఎవరి శాపమూ కాదు, దీనికి కారణం ఉంది. మార్చి, ఏప్రిల్‌లో నేల బాగా వేడెక్కుతుంది. బంగాళాఖాతం నుంచి తేమగాలి వస్తుంది. విదర్భ నుంచి తెలంగాణ మీదుగా దక్షిణానికి గాలుల ద్రోణి ఏర్పడిందని వార్తల్లో వింటుంటాం. అక్కడ వేడిగాలీ తేమగాలీ కలిసి పైకి లేచి పెద్ద పెద్ద మబ్బులవుతాయి. పైన చల్లదనానికి నీరు గడ్డకట్టి రాయై పడుతుంది. పూర్వాభాద్ర, ఉత్తరాభాద్ర, రేవతి కార్తెల్లో నాలుగు జల్లులు పడటం మన పెద్దలకూ తెలుసు. వాటిని మామిడి జల్లులన్నారు. జల్లు వేరు, రాళ్ల వాన వేరు.

2023 మార్చిని ఎవరూ మరచిపోలేదు. మూడో వారంలో కురిసిన వడగళ్లకు రాష్ట్రంలో 2 లక్షల 28 వేల ఎకరాలకు పైగా పంట దెబ్బతిన్నదని ప్రభుత్వమే చెప్పింది. అందులో సగానికి పైగా మొక్కజొన్న. ఉగాది మర్నాడు, మార్చి 23న, అప్పటి ముఖ్యమంత్రి మన బోనకల్ మండలం రామాపురం వచ్చి, నేలవాలిన మొక్కజొన్న చూసి, ఎకరాకు 10 వేలు ఇస్తామని, కౌలు రైతుకూ ఇవ్వాలని ప్రకటించారు. అంటే ప్రభుత్వం తలుచుకుంటే కేంద్రం లెక్కను దాటి ఇవ్వవచ్చు, కౌలు రైతును గుర్తించవచ్చు. అది ఒక్కసారి ప్రకటనగా మిగలకూడదు, ప్రతిసారీ అమలయ్యే నిబంధన కావాలి. మన పోరాటమంతా ఇక్కడే ఉంది.

కేంద్రం లెక్క ఏమిటో కూడా తెలుసుకుందాం. 2022–26 కాలానికి విపత్తు సహాయ నిధి కింద నీటి వసతి ఉన్న పంటకు హెక్టారుకు 17 వేలు, వర్షాధార పంటకు 8,500, తోటలకు 22,500. నష్టం 33 శాతం దాటితేనే, అదీ రెండు హెక్టార్ల వరకే. ఎకరాల్లో చెప్పుకుంటే నీటి పంటకు 6,800, మెట్టకు 3,400. మిర్చికి ఎకరా పెట్టుబడి లక్ష దాటుతున్న రోజుల్లో ఈ డబ్బు మందుల ఖర్చుకు కూడా సరిపోదు.

ఇక కల్లంలో తడిసిన పంట సంగతి. మిర్చి రెండు రోజులు తడిస్తే రంగు పోతుంది, బూజు పడుతుంది. ఖమ్మం మార్కెట్‌కు తీసుకుపోతే తేజ కాయను కూడా తాలు ధరకే అడుగుతారు. వడ్లలో తేమ 17 శాతం, మొక్కజొన్నలో 14 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో పక్కన పెడతారు. పొలంలో నిలబడ్డ పంటకే నష్టం రాస్తారు, కోసి కుప్పేసిన దానికి రాయరు. ఫసల్ బీమా నిబంధనల్లో కోసి ఆరబెట్టిన పంటకు 14 రోజుల దాకా రక్షణ ఉంది. కానీ 2020లో మన రాష్ట్రం ఆ పథకం నుంచి బయటికి వచ్చింది. ఆ పథకంలో లోపాలున్నాయి, కంపెనీలకు మేలు జరిగిందన్న విమర్శా ఉంది. అయితే దాన్ని వదిలినప్పుడు దాని స్థానంలో మరొకటి పెట్టాలి కదా? గొడుగు చిల్లు పడిందని పారేసి రైతును వానలో నిలబెడితే ఎలా?

అడవి సంగతి ఇంకా అన్యాయం. ఫిబ్రవరి, మార్చిలో తునికి కొమ్మలు కొడితే నెలన్నరకు లేత ఆకు వస్తుంది. దాని మీద రాళ్లు పడితే ఆకు చిల్లులు పడుతుంది. చిల్లు ఆకు బీడీకి పనికిరాదు, కట్టలో చెల్లదు. 50 ఆకుల కట్ట లెక్కన కూలి పడే కుటుంబానికి ఆ ఏడాది వేసవి ఆదాయం పోయినట్టే. తడిసిన ఇప్పపువ్వు నల్లబడుతుంది. ఈ నష్టానికి పంట నష్టం లెక్కల్లో చోటే లేదు. పట్టా రాని పోడు సాగుదారుదీ ఇదే గతి. 2006 అటవీ హక్కుల చట్టం వచ్చి ఇన్నేళ్లయినా పేరు రికార్డులో లేకపోతే పరిహారం జాబితాలోనూ ఉండదు.

సరిహద్దు సమస్య ఒకటి. 2014లో ముంపు మండలాలు ఆంధ్రలో కలిశాక భద్రాచలం ఊరు తెలంగాణలో, దాన్ని ఆనుకున్న ఎటపాక ఆంధ్రలో ఉన్నాయి. మబ్బుకు సరిహద్దు లేదు. పరిహారానికి మాత్రం ఉంది. అటు సాగు, ఇటు ఇల్లు ఉన్నవాళ్లు రెండు ఆఫీసుల మధ్య తిరుగుతున్నారు.

హెచ్చరికల గురించి చెప్పాలి. నాలుగైదు రోజుల ముందు వాతావరణ శాఖ జిల్లాకు రంగులు చెబుతుంది. పసుపు అంటే గమనించండి, నారింజ అంటే సిద్ధంగా ఉండండి, ఎరుపు అంటే వెంటనే కదలండి. ఏ ఊళ్లో రాళ్లు పడతాయో మాత్రం రెండు మూడు గంటల ముందే తేలుతుంది. ఆ కబురు కల్లం దాకా చేరాలి. వారానికి రెండుసార్లు, మంగళ, శుక్రవారాల్లో, పంటల వారీగా సలహాలు రాసే జిల్లా వాతావరణ విభాగాలు కృషి విజ్ఞాన కేంద్రాల్లో ఉండేవి. 2024 మొదట్లో దేశమంతటా వాటిని మూసేశారు. వాతావరణం ఇంత మారుతున్న కాలంలో సలహా చెప్పేవాళ్లను తీసేయడం ఏం న్యాయం?

పిడుగు విషయంలో అశ్రద్ధ వద్దు. మిర్చి కోతకు ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చిన కూలీలు చేలల్లోనే పరదాల కింద పడుకుంటారు. వాళ్ల చేతుల్లో యాప్‌లు ఉండవు, మన భాష అందరికీ రాదు. ఉరుము వినగానే చెట్టు కిందికి పోకుండా పక్కా ఇంట్లోకో బడిలోకో చేర్చే బాధ్యత మనది. ఆఖరి ఉరుము విన్నాక అరగంట దాకా బయటికి పంపొద్దు. పంట పోతే మళ్లీ వేసుకుంటాం, మనిషి పోతే తీసుకురాలేం.

మనం చేయాల్సినవి కొన్ని ఉన్నాయి. ప్రతి ఊళ్లో ఇద్దరు యువకులు దామిని, మేఘదూత్ యాప్‌లు చూసి, మైకులో చెప్పే ఏర్పాటు చేసుకుందాం. ఏఈఓ దగ్గర పంట నమోదు ఇప్పుడే చూసుకుందాం, వాన పడ్డాక కాదు. కౌలు రైతులు 2011 చట్టం కింద రుణ అర్హత కార్డులకు దరఖాస్తు పెట్టాలి, ఇవ్వకపోతే సంఘంగా కలిసి అడుగుదాం. నష్టం జరిగితే తేదీతో ఫోటోలు తీసి, రెండు రోజుల్లో ఊరి జాబితా మనమే రాసి మండల ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకుందాం.

ప్రభుత్వాన్ని అడిగేవి ఇవి. నష్టపరిహారం పెట్టుబడిని బట్టి నిర్ణయించాలి. సాగు చేసినవారికే ఇవ్వాలి. కల్లంలో తడిసిన పంటను, తునికాకును, ఇప్పపువ్వును లెక్కలో చేర్చాలి. పంటల బీమా రాష్ట్రంలో నిలబడాలి. కోతలకు ముందే సబ్సిడీపై పరదాలు ఇవ్వాలి, సిమెంటు కల్లాలు కట్టాలి. తడిసిన ధాన్యాన్ని తేమ పేరుతో తిప్పి పంపొద్దు. రైతు వేదికల్లో రోజూ వాతావరణ బోర్డు రాయాలి.

వానను ఆపలేం. వాన పడ్డాక రైతు ఒంటరి కాకుండా చూడటం మాత్రం మన చేతుల్లో ఉంది. రేపటి నుంచే ఊరూరా జాబితాలు మొదలుపెడదాం.